తీరుబడి గారి ముక్కుసూటి ప్రశ్న

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉంది. కానీ ఆయన పని చేసే మానసిక వైద్యశాలలో ఆ పేరు పెట్టి పిలిస్తే ఆయనే వెనక్కి తిరిగి చూసేవారు కాదు. అక్కడ అందరికీ ఆయన తీరుబడి గారు. ఆ పేరు పెట్టింది మందుల గది చూసుకునే ఆవిడ. ఒకసారి వార్డంతా ఉరుకులు పరుగులుగా ఉన్న వేళ, ఈయన మాత్రం కొత్తగా చేరిన ఓ ముసలాయన మంచం పక్కన స్టూలు వేసుక్కూర్చుని, ఆయన చిన్నప్పుడు పెంచిన మేకపిల్ల ముచ్చట్లు వింటున్నారట. "అబ్బ, ఎక్కడిదో ఈ మనిషికి ఇంత తీరుబడి!" అని ఆవిడ విసుక్కుంది. విసుగు ఆ పూటతోనే పోయింది. పేరు మాత్రం అతుక్కుపోయింది.

నిజం చెప్పాలంటే ఆయనకు తీరుబడి ఎప్పుడూ లేదు. వార్డులో అందరికన్నా పాత నర్సు ఆయనే. ఒక చెవిలో ఫోను, ఇంకో చెవిలో ఎవరో ఒకరి ఫిర్యాదు. అయినా రోగి ఎదురుగా కూర్చున్నారంటే, లోకంలో ఇంకే పనీ లేనట్టు కూర్చునేవారు. చేతి గడియారం విప్పి జేబులో వేసుకునేవారు.

"మనకి టైము లేదని మన మొహం చూస్తేనే తెలిసిపోతే, వీళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకులే అని వాళ్ళు నోరు మూసుకుంటారమ్మా. వాళ్ళు ఇంట్లో చేసొచ్చింది కూడా అదేగా" అని కొత్తగా చేరిన నర్సులకు చెప్పేవారు.

ఈ ఉద్యోగం ఆయన కోరి తెచ్చుకున్నది కాదు. నర్సింగు చదివాక పిల్లల వార్డు కావాలని అడిగారు. పొడుగ్గా, మీసాలతో ఉన్నారు, పిల్లలు జడుసుకుంటారని ఇక్కడికి పంపారు. వాళ్ళమ్మ ఒక రోజంతా అన్నం మానేసి ఏడ్చింది. చుట్టాల్లో ఒకాయన పెళ్ళిళ్ళలో కనపడ్డప్పుడల్లా, "ఏమోయ్, ఇంకా ఆ ఆస్పత్రిలోనే ఉన్నావా?" అని నలుగురిలో గట్టిగా అడిగేవాడు. "ఉన్నానండీ, ఇంకా పూర్తిగా నయం కాలేదు" అనేవారు ఈయన. కొన్నేళ్ళకి ఆ పెద్దమనిషే తన భార్యకు నిద్ర పట్టడం లేదని, గొంతు తగ్గించుకుని, ఈయన్నే వెతుక్కుంటూ వచ్చాడు.

పని నేర్పింది అప్పటి హెడ్ నర్సు. ఆవిడని అందరూ పెద్దమ్మ అనేవారు. చేరిన కొత్తలో ఒక బస్సు కండక్టరుని తీసుకొచ్చి చేర్చారు. తిండి మానేశాడు, మాట్లాడడు, ఉద్యోగానికి వెళ్ళడు. వెళ్ళి మాట్లాడమని పెద్దమ్మ ఈ మీసాల కుర్రాణ్ణి పంపింది. కుర్రాడు మంచం పక్కన నిలబడి, గొంతు సవరించుకుని, "మీకు పిచ్చి ఆలోచనలు... అలాంటివేం లేవు కదండీ?" అని అడిగాడు. కండక్టరు తల అడ్డంగా ఊపాడు. పని అయిపోయిందని కుర్రాడు బయటికొచ్చేశాడు.

గుమ్మం దగ్గరే పెద్దమ్మ పట్టుకుంది.

"ఏం అడిగావు నువ్వు?"

"అదే పెద్దమ్మా... పిచ్చి ఆలోచనలు లేవు కదా అని."

"ముందే పిచ్చి అన్నావు. తర్వాత లేవు కదా అని జవాబు కూడా నువ్వే చెప్పేశావు. ఇంక ఆయన చెప్పడానికి ఏం మిగిల్చావురా? వెళ్ళి సరిగ్గా అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని అడుగు."

కుర్రాడికి చెమటలు పట్టాయి. "అలా అడిగితే, లేని ఆలోచన మనమే పుట్టించినట్టు అవదా?"

"కడుపు నిండినవాణ్ణి ఆకలేస్తోందా అని అడిగితే వాడికి ఆకలి పుడుతుందా? ఆ మాటకి నువ్వే వణికిపోతే, దాన్ని లోపల మోసుకు తిరుగుతున్నవాడు నీకు చూపిస్తాడా? వెళ్ళు."

కుర్రాడు మళ్ళీ వెళ్ళి ఈసారి కూర్చున్నాడు. నోరు పెగల్చుకుని అడిగాడు. కండక్టరు కాసేపు గోడకేసి చూసి, ఛాతీ నిండా గాలి పీల్చి వదిలాడు. "అమ్మయ్య" అన్నాడు. "ఎవరో ఒకరు అడిగారు."

ఆ 'అమ్మయ్య' విన్న రోజునే పిల్లల వార్డు మీద ఆశ వదిలేశానని తీరుబడి గారు చెప్పుకునేవారు. ఆ తర్వాత పెద్దమ్మ దగ్గరే మిగతాదీ నేర్చుకున్నారు. అవునని జవాబొస్తే అక్కడ ఆగకూడదు. ఎన్నాళ్ళ నుంచి ఈ ఆలోచన, వచ్చి పోతోందా, ఉండిపోయిందా, ఎలా అన్నది కూడా ఆలోచించుకున్నాడా, అది చేతికందే దూరంలో ఉందా, ఇంతవరకూ ఆపిందేమిటి, ఎవరి మొహం గుర్తొస్తే వెనక్కి తగ్గుతున్నాడు. ఇవన్నీ పోలీసు అడిగినట్టు కాకుండా, పక్కింటాయన అడిగినట్టు అడగాలి. ప్రాణం మీదికి ఎంతవరకూ వచ్చిందో అలా తెలుసుకుని డాక్టర్లకు చెప్పాలి. ఈ రోజు తెలిసింది రేపటికి పనికిరాకపోవచ్చు. అందుకని రేపు మళ్ళీ అడగాలి.

ఇదంతా ఆయన ఆస్పత్రి బతుకు. ఇంటి దగ్గర ఆయనకు ఒక భార్య, ఒక బావమరిది. పిల్లలు లేరు. భార్య తపాలా ఆఫీసులో పని చేసేది. బావమరిది, అంటే ఆవిడ తమ్ముడు, రెండు వీధుల అవతల బేకరీ నడిపేవాడు. ఆ వీధివాళ్ళు అతన్ని ముక్కాయన అనేవారు. ముక్కు మరీ పెద్దదేం కాదు గానీ, అతని పనితనమంతా దాంట్లోనే ఉండేది. ఓవెను తలుపు తీయకుండానే, వాసన పట్టి, బ్రెడ్డు అయిందో, ఇంకా కాసేపు ఉండాలో చెప్పేవాడు. గోడ మీది గడియారం ఎందుకు పెట్టుకున్నావంటే, "కొనడానికొచ్చినవాళ్ళు టైము చూసుకోవడానికి" అనేవాడు. అతనికి కోపం వస్తే 'ముక్కు మీద కోపం' అని కూతురు ఆటపట్టించేది. 'దానికి వేరే పనుంది, దాని మీద కోపం పెట్టకండి' అని భార్య అనేది.

ఈ బావాబావమరదులకి ముప్పై ఏళ్ళుగా ఒక్క విషయంలోనూ పొత్తు కుదరలేదు. వాన వస్తుందని ఈయనంటే రాదని అతను. స్టేషనుకి మార్కెట్టు దారి దగ్గరని ఈయనంటే, వంతెన దారే దగ్గరని అతను. ఒక ఆదివారం ఇద్దరూ చెరో దారిన బయల్దేరి, ఎవరు ముందు చేరారో తేల్చుకుందామని వెళ్ళి, చివరికి ఎవరి గడియారం సరైనదన్న దాని మీద మళ్ళీ కొట్టుకుని తిరిగొచ్చారు. ఆడవాళ్ళిద్దరూ ఆ గోల వింటూ నిశ్చింతగా తమ మాటలు తాము చెప్పుకునేవాళ్ళు.

అలాంటి మనిషికి జ్వరం వచ్చింది. వారం తిరిగేసరికి తగ్గింది గానీ పోతూ పోతూ వాసనలన్నీ పట్టుకుపోయింది. ముక్కు డాక్టరు లైటు వేసి చూసి, తిరిగి రావచ్చు, రాకపోనూవచ్చు, ఓపిక పట్టమన్నాడు. బేకరీ తెరిచిన మొదటి రోజే ఒక ఓవెను నిండా బ్రెడ్డు మాడిపోయింది. పొగ కళ్ళకు తగిలేదాకా ముక్కాయనకు తెలియలేదు. కూతురు ఒక్క మాట అనలేదు. మర్నాటి నుంచి ఓవెను పని తనే చూసుకుంటూ, "నువ్వు కౌంటర్లో కూర్చో నాన్నా, జనం నీ కోసమే వస్తారు" అంది. ఆ అమ్మాయికి పని వచ్చు. నాన్న దగ్గర నేర్చుకున్నదే. పెళ్ళయింది, ఏడాది నిండని పాప ఉంది. పాపని నాయనమ్మ దగ్గర వదిలి వచ్చేది.

ముక్కాయన కౌంటర్లో కూర్చుని జోకులు వేసేవాడు. "ముక్కు ఉందండీ, కళ్ళజోడు నిలబెట్టుకోవడానికి" అనేవాడు. జనం నవ్వేవారు. తీరుబడి గారూ నవ్వారు.

ఒక ఆదివారం మధ్యాహ్నం అతను అక్కగారింటికి వచ్చాడు. భోజనాలయ్యాయి. స్టేషనుకి వెళ్ళే పని మాటల్లోకి వచ్చి, తీరుబడి గారు అలవాటు కొద్దీ, "మార్కెట్టు దారి దగ్గర" అని గాలం వేశారు.

"అవును బావా. నువ్వు చెప్పేదే నిజం" అన్నాడు ముక్కాయన.

భార్య వంటింట్లోంచి, "ఇన్నాళ్ళకి మా తమ్ముడికి జ్ఞానోదయమైందండోయ్!" అని కేకేసింది. తీరుబడి గారికి మాత్రం నవ్వు రాలేదు. మంచినీళ్ళ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఇంకో రెండు విషయాలు ఎత్తి చూశారు. రెండింటికీ ముక్కాయన తల ఊపాడు. వెళ్ళేటప్పుడు చెప్పులేసుకుంటూ, వంగినవాడు వంగినట్టే ఉండి, "అక్కని బాగా చూసుకున్నావు బావా" అన్నాడు.

చూసుకుంటున్నావు అనలేదు. చూసుకున్నావు అన్నాడు.

రోగి ఎవరైనా ఈ మాట అని ఉంటే తీరుబడి గారు ఆ క్షణానే స్టూలు లాక్కుని కూర్చునేవారు. ఇప్పుడు మాత్రం గుమ్మంలో నిలబడి, మలుపు తిరిగేదాకా అతన్ని చూసి, లోపలికి వచ్చేశారు. ముక్కు పోయింది కదా, దిగులుంటుంది మరి అనుకున్నారు. మర్నాడు ఆస్పత్రి అవగానే బేకరీకి వెళ్ళారు. కౌంటరు ముందు ముగ్గురు మనుషులున్నారు. "ఎలా ఉన్నావురా?" అన్నారు. "బ్రహ్మాండం" అన్నాడు ముక్కాయన. ఇంకేం చేయాలో తోచక ఒక బన్ను కొనుక్కుని ఇంటికి వచ్చారు.

"ఇదేంటండీ, బన్ను తెచ్చారు? మీకు గొంతు దిగదుగా" అంది భార్య.

తీరుబడి గారు బన్ను బల్ల మీద పెట్టి, మెల్లగా తన అనుమానం చెప్పారు. ఆవిడ మొహం జేవురించింది.

"మా తమ్ముడి గురించి అలాంటి మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది? అందర్నీ నవ్వించేవాడండీ వాడు! మీ ఆస్పత్రి గొడవలు మా వాడికి అంటగట్టకండి" అని లేచి వెళ్ళిపోయింది. కుళాయి తిప్పిన చప్పుడైంది గానీ, గిన్నెల చప్పుడు కాలేదు. కాసేపటికి కళ్ళు తుడుచుకుంటూ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాతో కూడా అన్నాడు. నేను లేకపోయినా పొయ్యి ఆగదే అక్కా అని. కూతుర్ని మెచ్చుకుంటున్నాడు అనుకున్నాను." కొంగుతో ముక్కు చీదుకుంది. "ఊరందర్నీ అడుగుతారు కదా. వాణ్ణి అడగడానికి ఏమైంది మీకు?"

"భయమేస్తోంది" అన్నారు తీరుబడి గారు. "అవునంటాడేమోనని."

"అంటే అననివ్వండి. మీరు అడక్కపోతే ఇంకెవరు అడుగుతారు? నాకు చేతకాదు."

మర్నాడు ఆయన ఆస్పత్రికి సెలవు చెప్పి, మధ్యాహ్నం, బేరాలు తక్కువగా ఉండే వేళ, బేకరీకి వెళ్ళారు. కూతురు కౌంటర్లో ఉంది. "నాన్న వెనకున్నాడు మావయ్యా. పడుకోమంటే పడుకోడు, ఊరికే కూర్చుంటాడు" అంది.

వెనక గదిలో మైదా బస్తాల మధ్య ముక్కాయన ఒక పీట మీద కూర్చుని ఉన్నాడు. పిండి కలిపే మిషను తిరుగుతోంది. తీరుబడి గారు వెళ్ళి మిషను కట్టేశారు. ఖాళీ ట్రేల పెట్టె ఒకటి బోర్లించి, దాని మీద కూర్చుని, గడియారం విప్పి జేబులో వేసుకున్నారు.

"పిండి పాడైపోతుంది బావా."

"పోనీ. ఒరేయ్, నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

ముక్కాయన పెద్దగా నవ్వాడు. "ఇది మీ వార్డు అనుకున్నావా? బేకరీకి వచ్చి అడిగే మాటేనా ఇది! బ్రెడ్డు కావాలా, బిస్కెట్లు కావాలా అని నేనడగాలి గానీ." తీరుబడి గారు నవ్వలేదు, చూపు తిప్పుకోలేదు. ముక్కాయన ఇంకో జోకు మొదలుపెట్టి సగంలో వదిలేశాడు. అరచేతులకు అంటుకున్న పిండి పెళ్ళలు గిల్లుకుంటూ కూర్చున్నాడు.

"ఎప్పుడు పసిగట్టావు?" అన్నాడు చివరికి.

"నా మాటకి నువ్వు ఒప్పుకున్న రోజు."

ఆ మాటకు ముక్కాయన నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఏడుపులోకి తిరిగింది. భుజాలు ఎగిరెగిరి పడుతుంటే, ముందు గదిలో కూతురికి వినపడకుండా, మోచెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"గాజు పెట్టెలో కూర్చుని అందర్నీ చూస్తున్నట్టుంది బావా. తింటే గడ్డి. లేస్తే ఏ వాసనా లేని పొద్దు. దుకాణంలో నా పని లేదు, అమ్మాయి నాకంటే బాగా చేస్తోంది. దానికీ సర్దుకున్నాను. మొన్న పాపని ఎత్తుకున్నాను. పసిపిల్లల తల వాసన ఉంటుంది చూడు... ఏమీ లేదు. బొమ్మని ఎత్తుకున్నట్టుంది. మనవరాల్ని బొమ్మ అనుకున్నాను బావా నేను. ఇంక నేనేం మనిషిని?"

తీరుబడి గారు అతని మోకాలి మీద చెయ్యి వేసి ఉంచారు. మిగతా ప్రశ్నలూ అడిగారు. ఎన్నాళ్ళ నుంచి, ఎంత తరచుగా, ఎలా అనుకున్నావు. వార్డులో ఎన్నోసార్లు అడిగిన ప్రశ్నలే. ముక్కాయన దాచకుండా చెప్పాడు. ఏం చెప్పాడన్నది మనకు అక్కర్లేదు. అది ఆలోచన దగ్గరే ఆగలేదని తెలిస్తే చాలు.

"మరి ఇంతవరకూ ఆపిందేంట్రా?"

"అక్క. ఇంకా... ఎవరైనా అడుగుతారేమో చూద్దామని" అన్నాడు.

"అడిగాను కదా. పద."

"ఎక్కడికి?"

"మా ఆస్పత్రికి."

"రేపు వస్తాలే. ఇంట్లో చెప్పి..."

"ఇప్పుడే. ఇంట్లో నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

ముక్కాయన కూతుర్ని లోపలికి పిలిచి తనే చెప్పాడు. రెండు ముక్కల్లో చెప్పాడు. ఆ పిల్ల పిండి చేతులతోనే తండ్రిని కావలించుకుంది. తర్వాత ఫోను తీసుకుని భార్యకు కూడా అతనే చెప్పాడు. దుకాణం షట్టరు దించేసి ముగ్గురూ ఆటోలో వెళ్ళారు.

ఆస్పత్రిలో ఆ పూట చూసింది కుర్ర డాక్టరమ్మ. పొట్టిగా, తన కన్నా బరువైన సంచీ మోస్తూ తిరిగే మనిషి. తీరుబడి గారు బావమరిదితో పాటు గదిలోకి వెళ్ళబోతుంటే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీరు బయట కూర్చోండి సార్. ఇవాళ మీరు నర్సు కాదు, బంధువు."

ఇన్నేళ్ళలో ఆ వరండాలో బంధువులు కూర్చునే కుర్చీల్లో ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. నేలకు బిగించిన ఇనప కుర్చీలు. ముందుకు జరుపుకుందామంటే కదలవు. పక్కన మేనకోడలు కళ్ళు మూసుకుని కూర్చుంది. తలుపు అవతల మాటలు వినపడవు, గొంతులు మాత్రం వినపడతాయి. లేచి నడుద్దామంటే, ఆలోగా పిలుస్తారేమోనని భయం.

చాలాసేపటికి డాక్టరమ్మ ఆయన్ని ఇంకో గదిలోకి పిలిచింది. "ఇంట్లో ఎలా ఉంటున్నారు? మీరు గమనించింది చెప్పండి" అంది.

తీరుబడి గారు నోరు తెరిచారు. "మావాడు అలాంటివాడు కాదమ్మా" అన్న మాట వచ్చింది.

వచ్చాక ఆయనే ఉలిక్కిపడ్డారు. ఇదే మాట తల్లులు, భర్తలు, అన్నదమ్ములు ఎందరో ఆయన ఎదుట అన్నారు. అన్నప్పుడల్లా ఆయన పైకి మర్యాదగా తల ఊపి, లోపల మాత్రం, కళ్ళ ముందున్నది చూడరు కదా వీళ్ళు అనుకునేవారు. ఇప్పుడు తెలిసింది, వాళ్ళు చూడక కాదు. చూసిందాన్ని నోటితో అంటే అది నిజమైపోతుందని.

డాక్టరమ్మ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది. "అలాంటివాడు కాకపోతే, ఎలాంటివారు సార్ ఆయన?" అంది.

ఆ అడిగిన తీరుకి ఆయన కట్ట తెగిపోయింది. ఏడుస్తూనే ఓవెను గురించి, వంతెన దారి గురించి, పెళ్ళిలో తన చెప్పులు దాచేసి ఇప్పటికీ ఒప్పుకోకపోవడం గురించి, చివరికి 'చూసుకున్నావు' అన్న మాట గురించి చెప్పారు. బన్ను సంగతి కూడా దాచలేదు. డాక్టరమ్మ అంతా విన్నది. ఇంట్లో ఏవి తీసి తాళం వేయాలో, అవి ఎవరి చేతిలో ఉండాలో మాట్లాడింది. "రాత్రి మీరు నిద్రపోయారా?" అని కూడా అడిగింది. తను ఏ బంధువునీ ఎప్పుడూ ఆ మాట అడగలేదని ఆయనకు తట్టింది.

కొన్నాళ్ళు ఆస్పత్రిలో ఉంటే మంచిదని డాక్టరమ్మ అంది. ముక్కాయన ఒక షరతు పెట్టాడు.

"మా బావ ఉండే వార్డు మాత్రం వద్దమ్మా. ఆయన రోజూ నా ఎదురుగా స్టూలు వేసుక్కూర్చుంటే ఈ ఉన్న ప్రాణం కూడా పోతుంది."

డాక్టరమ్మ నవ్వింది. నవ్వి, "ఈ మాట జోకేనా, నిజంగానా?" అని అడిగింది. "సగం జోకు" అన్నాడు ముక్కాయన. "అయితే ఆ మిగతా సగం గురించి మాట్లాడదాం" అని ఆవిడ మళ్ళీ కూర్చుంది. గుమ్మంలో నిలబడి వింటున్న తీరుబడి గారికి, ఈవిడ ఉండగా తమ వార్డుకి ఏ దిగులూ లేదనిపించింది.

ముక్కాయన్ని పై అంతస్తులో చేర్చారు. అతని భార్య మాత్రం తీరుబడి గారిని తేలిగ్గా వదల్లేదు. "అన్నయ్యా, ఆ రోజు వచ్చి బన్ను కొనుక్కుని వెళ్ళిపోయారట. ఆ రాత్రే ఏమైనా అయి ఉంటే?" అని నిలదీసింది. "భయపడి అడగలేకపోయానమ్మా" అని ఆయన ఒప్పుకున్నారు. "నాకూ చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పక్కన పడుకున్నదాన్ని" అని ఆవిడ తన కోపం అసలు ఎవరి మీదో చెప్పుకుంది.

మందులు పట్టడానికి టైము తీసుకుంది. మొదట్లో ముక్కాయన రోజుకో పది మాటలు మాట్లాడేవాడు. ఇంటికి వచ్చాక కూడా రోజులన్నీ ఒక్కలా లేవు. ముక్కు డాక్టరు చెప్పినట్టు, రోజూ పొద్దున్నే నిమ్మతొక్క, లవంగం, కాఫీ పొడి ముందు పెట్టుకుని కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. ఏమీ తెలిసేది కాదు. "దండం పెడుతున్నట్టు కూర్చుంటాను బావా, దేవుడు పలకడు" అనేవాడు. ఒక రోజు పొద్దున్నే ఫోను చేసి అరిచాడు.

"బావా! బ్రెడ్డు వాసన వచ్చింది!"

"వచ్చిందా! ఎలా ఉంది?"

"తడిసిన గోనెసంచీలా ఉంది. ఛండాలంగా ఉంది. వాంతి వచ్చేలా ఉంది!" అని సంతోషంతో ఊగిపోయాడు. ఆ గోనె వాసన పూర్తిగా ఎప్పటికీ పోలేదు. ఓవెను కూతురి చేతిలోనే ఉండిపోయింది. ముక్కాయన మధ్యాహ్నాలు పాపని చూసుకోవడం మొదలుపెట్టాడు. ఆ పిల్ల తలలో తనకు ఏ వాసన వస్తుందో మాత్రం ఎవరికీ చెప్పేవాడు కాదు. మనసు బాగాలేని రోజున దాచకుండా ఫోను చేసి, "ఇవాళ బాగాలేదు" అని ఒక్క మాట చెప్పేవాడు. ఎవరు దగ్గరుంటే వాళ్ళు వెళ్ళి కూర్చునేవాళ్ళు.

వార్డులో తీరుబడి గారి పద్ధతి కూడా మారింది. అంతకుముందు బంధువులను బయట నిలబెట్టి వివరాలు అడిగి పంపేసేవారు. ఇప్పుడు ఆ ఇనప కుర్చీల దగ్గరికి వెళ్ళి పక్కన కూర్చుంటున్నారు. 'మావాడు అలాంటివాడు కాదండీ' అంటే, లోపల కూడా ఏమీ అనుకోవడం మానేశారు. ఇలాగైతే పని ఎప్పటికి తెములుతుందని మందుల గది ఆవిడ గోల పెట్టింది. పెట్టనిచ్చారు.

ఆ మరుసటేడు ఆయన వార్డులోంచి కోలుకుని ఇంటికెళ్ళిన ఒకాయన ప్రాణం తీసుకున్నాడు. బొమ్మలకు ఫ్రేములు కట్టే పని ఆయనది. వెళ్ళే రోజున కూడా తీరుబడి గారు అడిగారు. లేదండీ, ఇప్పుడు బాగుంది అన్నాడు. ఆ రోజుకి అది నిజమే అయి ఉండాలి. కబురు తెలిసిన సాయంత్రం తీరుబడి గారు ఇంటికి వచ్చి, బూట్లు విప్పకుండా కుర్చీలో కూర్చుండిపోయారు. భార్య తన తమ్ముడికి ఫోను చేసింది.

ముక్కాయన వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"బావా, నేనొకటి అడుగుతాను, తిట్టకు. నీకు చచ్చిపోవాలనిపిస్తోందా?"

తీరుబడి గారు అతనికేసి చూసి, నిజంగానే కాసేపు ఆలోచించి చెప్పారు. "లేదురా. కానీ ఇంక ఎవర్నీ అడగలేనేమో అనిపిస్తోంది. అడిగి ఏం లాభం?"

"నన్ను అడిగావు కదా" అన్నాడు ముక్కాయన. "అందరికీ సరిపోకపోవచ్చు. నాకు సరిపోయింది."

ఆ రాత్రి అతను అక్కడే పడుకున్నాడు. పొద్దున్నే కుర్ర డాక్టరమ్మ వచ్చింది. ఆవిడా, తీరుబడి గారూ కలిసి ఆ ఫ్రేముల ఆయన ఇంటికి వెళ్ళారు. వెళ్ళాలా వద్దా, ఏం మొహం పెట్టుకుని వెళ్ళాలి అని దారంతా అనుకుంటూనే ఉన్నారు. ఆయన భార్య తలుపు తీసి, ఇద్దర్నీ గుర్తుపట్టి, లోపలికి రమ్మంది. సంజాయిషీ చెప్పడానికి తీరుబడి గారు దారిలో కూర్చుకున్న మాటలేవీ ఆవిడ అడగలేదు. గోడల నిండా ఫొటోలున్నాయి.

"చూశారా, ఒక్కటీ తిన్నగా ఉండదు" అంది ఆవిడ. "ఊరందరి బొమ్మలూ గీత గీసినట్టు కట్టి ఇచ్చేవాడు. ఇంట్లో మేకు కొట్టమంటే మాత్రం ఎప్పుడూ వంకరే. ఇదిగో, ఇది మా పెళ్ళి ఫొటో. ఇది కట్టడానికి ఎన్నాళ్ళు పట్టిందనుకున్నారు?"

డాక్టరమ్మ చాప మీద కూర్చుంది. తీరుబడి గారూ కూర్చున్నారు. పెళ్ళి ఫొటో దగ్గర మొదలుపెట్టి, ఆవిడ ఒక్కొక్క ఫొటో గురించే చెప్పుకుంటూ వచ్చింది. మధ్యమధ్య ఏడ్చింది, ఒకచోట గట్టిగా నవ్వింది కూడా. రెండో గోడకి వచ్చేసరికి మధ్యాహ్నమైంది.